తైసియా బిగించిన బాయిలర్

మా వీధి ఇళ్ళకి వేడినీళ్ళు పంపే బాయిలర్ హౌసును గని వాళ్ళు ఏప్రిల్‌లో మూసేశారు. గేటుకి ఒక కాగితం అంటించారు. వచ్చే చలికాలం నుంచి ఎవరి ఇల్లు వాళ్ళే వెచ్చగా ఉంచుకోవాలట. మొత్తం ముప్ఫై రెండు ఇళ్ళు. అన్నింట్లోనూ గదిని వెచ్చబెట్టే రేడియేటర్లు ఉన్నాయి, వాటిలోకి వచ్చే వేడినీళ్ళే లేవు. సైబీరియాలో మా కుజ్‌బాస్ బొగ్గుగనుల వైపు అక్టోబరు వచ్చేసరికి నేల రాయిలా బిగుసుకుపోతుంది. అంటే చేతిలో ఉన్నది ఆరు నెలలు.

మా పక్కింటి యెఫీమ్ ప్రొఖోరొవిచ్ ఆ బాయిలర్ హౌసులోనే ఇరవై ఏళ్ళు పనిచేశాడు. దానికి ముందు గనిలో డ్రిల్లు పట్టాడు. ఆ అదురుకి చేతివేళ్ళు తెల్లబడి చచ్చుబడిపోయాయి. టీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేవాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఆయనా, పెద్దకోడలు తైసియా, ఇద్దరే ఉండేవాళ్ళు ఆ ఇంట్లో. పెద్దకొడుకు గ్లెబ్ నాలుగేళ్ళ కిందట గనిలో పైకప్పు కూలి పోయాడు. పిల్లలు లేరు. తైసియా గని లాంతర్ల గదిలో పనిచేసేది. దిగేవాళ్ళకి లాంతరు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం. ఆ రోజు గ్లెబ్ లాంతరు వెనక్కి రాలేదని అందరికంటే ముందు తెలిసింది ఆమెకే.

కాగితం అంటించిన సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ముసలాయన క్యాబేజీ సూపు గిన్నె పక్కకి నెట్టి అన్నాడు:

"బాయిలర్ నువ్వు కడతావు. నేను చెప్తుంటాను, నువ్వు చేస్తుండు."

తైసియా నవ్వింది, ఆయన హాస్యమాడుతున్నాడనుకుని. "నాకేం వచ్చు మామయ్యా? పనివాళ్ళని పిలుద్దాం."

"ఏ పనివాళ్ళు? ఆ తాగుబోతు వెధవలా? గోడకి నాలుగు గొట్టాలు తగిలించి పోతారు. జనవరిలో మనం మంచంలోనే కొయ్యబారిపోతాం. నా చేతులు చూశావుగా. నా కొడుకు చేతులు మట్టిలో ఉన్నాయి. ఈ కొంపలో పనికొచ్చే చేతులు ఇక నీవే. ఏం చేస్తాం, మంచివి పోయి ఇవి మిగిలాయి."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయన నావైపు తిరిగాడు.

"అగ్నియా, నువ్వే సాక్షి. ఈవిడ బాయిలర్ పెట్టి ఇల్లు వెచ్చబెట్టిందంటే ఈ ఇల్లు ఈవిడ పేరున రాసేస్తాను."

నేను తలూపాను. ఆ ఇల్లు తప్ప తైసియాకి వేరే దిక్కు లేదు. పెళ్ళయి వచ్చి పన్నెండేళ్ళు అక్కడే ఉంది. బెలొవొ ఊళ్ళో అక్క ఉంది గానీ, ఆ అక్క ఒక గదిలో నలుగురితో ఉంటోంది.

మా ఆయన వదిలిపోయిన వెల్డింగ్ మెషిన్ నా కొట్టంలో తుప్పు పడుతూ ఉండేది. దాన్ని తైసియా చక్రాల బండి మీద తోసుకెళ్ళింది. పాత ఇనుప కొట్టు నుంచి మందపాటి రేకులూ, లావు గొట్టాలూ తెచ్చింది. ఇంట్లో ఉన్న పాత గొట్టాలు సన్నవి, నేలకి సమంగా వేసినవి. బాయిలర్ హౌసులో పంపు ఉండబట్టి వాటిలో నీళ్ళు నడిచేవి. ఇంటి బాయిలర్‌కి పంపు ఉండదు. వేడెక్కిన నీళ్ళు వాటంతట అవే పైకెక్కి, చల్లారి కిందికి జారుకుంటూ మళ్ళీ బాయిలర్ దగ్గరికి రావాలి. దానికి లావు గొట్టాలు కావాలి, ప్రతి గొట్టానికీ వాలు ఉండాలి, బాయిలర్ అన్నిటికంటే కింద ఉండాలి. అందుకని వంటింటి నేల పగలగొట్టి, మోకాలిని మించిన లోతు గొయ్యి తవ్వింది. బంకమట్టి. బకెట్లకి ఎత్తి పెరట్లో పోసింది. డ్యూటీ దిగి వచ్చి రోజూ ఇదే పని.

ముసలాయన స్టూలు మీద కూర్చుని, పొయ్యి కెలికే ఇనుప చువ్వ చంకలో ఇరికించుకునేవాడు. వెల్డింగ్ అతుకు వంకర పోతే ఆ చువ్వతో ఆమె వేళ్ళ కణుపుల మీద కొట్టేవాడు. గట్టిగా కాదు. చిన్నపిల్లల్ని కొట్టినట్టు. అది ఇంకా అవమానం.

"ఇది అతుకా? కోడి రెట్టలా ఉంది. గీకెయ్, మళ్ళీ వెయ్."

"నాలుగోసారి గీకుతున్నాను మామయ్యా."

"నలభైసార్లు గీకు. గ్లెబ్ పదేళ్ళప్పుడే ఇంతకంటే శుభ్రంగా వేసేవాడు. వాడికి నేను నేర్పాను. నీకు మీ అమ్మ ఏం నేర్పింది, ముగ్గురు మొగుళ్ళని మార్చడమా?"

ఒకరోజు వెల్డింగ్ ముసుగుకున్న నల్ల అద్దం పగిలింది. వేరే అద్దం దొరికేదాకా ఆగుతానంది. అవసరం లేదు, కళ్ళు మూసుకుని అంటించు, వెలుగు పడ్డాక ఓరగా చూడు అన్నాడాయన. ఆమె అలాగే చేసింది. ఆ రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టయి, తెల్లవార్లూ గోడ పట్టుకుని తిరిగింది. పొద్దున నేను వెళ్ళి పచ్చి బంగాళాదుంప చెక్కులు కళ్ళ మీద పెడుతుంటే ముసలాయన పక్క గదిలోంచి పడీపడీ నవ్వాడు.

"ఇప్పుడు అసలైన వెల్డర్‌వయ్యావు. మేమందరం అలా ఏడ్చినవాళ్ళమే."

నేను ఆమె చెవిలో అన్నాను: "ఎందుకు పడతావే ఇదంతా? వదిలేసి పో."

"ఇల్లు అక్కా" అంది. చెక్కులు సర్దుకుని, "అదొక్కటే కాదు. నాకు పని వస్తోంది. నిన్న వేసిన అతుకు చూశావా? ఆయనకి కూడా తిట్టడానికి ఏం దొరకలేదు. అందుకే మా అమ్మని తిట్టాడు" అంది.

నిజమే. ఆగస్టు వచ్చేసరికి ఆమె అతుకులు చేప పొలుసుల్లా వరసగా పడసాగాయి. వీధిలో మగవాళ్ళు ఏదో పని ఉన్నట్టు వచ్చి చూసిపోయేవాళ్ళు. నా ఇంటి గొట్టాలు కూడా ఆమే వేసింది.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ గట్టిగా వాదన జరిగింది. నీళ్ళు వేడెక్కితే పొంగుతాయి. ఆ పొంగు వెళ్ళడానికి అన్నిటికంటే పైన ఒక తొట్టి ఉండాలి. తైసియా దాన్ని వంటింట్లోనే, కప్పు కింద వేలాడదీద్దామంది. అటక మీద పెడితే చలికి గడ్డకడుతుందని ఆమె భయం.

"అటక మీదే" అన్నాడు ముసలాయన. "బాయిలర్ హౌసులో ఇరవై ఏళ్ళు నా తొట్టి పైనే ఉంది. ఎప్పుడూ గడ్డకట్టలేదు."

"అక్కడ మూడు షిఫ్టుల్లో మంట ఆరేది కాదు మామయ్యా. ఇక్కడ నేను డ్యూటీకి పోతే మంట మందగిస్తుంది."

"నిన్నగాక మొన్న చేతిలో వెల్డింగ్ ఎలక్ట్రోడ్ పట్టుకున్నావు. అప్పుడే నాకు చెప్తున్నావా? పైన పెట్టు. లేదంటే మూట కట్టుకుని పో."

ఆమె పైనే పెట్టింది.

సెప్టెంబరు చివర్లో మొదటిసారి మంట వేసింది. పిలవకపోయినా మేం పది మందిమి వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. ముందు కట్టెలు, తర్వాత గుప్పెడు బొగ్గు, తర్వాత పార నిండా. పైకెక్కే గొట్టం ముందు వేడెక్కింది. మొదటి గదిలో రేడియేటర్, తర్వాత రెండోది. అన్నిటికంటే చివరిది ఒకప్పుడు గ్లెబ్ పడుకునే గదిలో ఉంది. తైసియా దాని దగ్గర నేల మీద కూర్చుని చెయ్యి ఆనించి ఎదురుచూసింది. అరగంట పట్టింది. అప్పుడు లేచి నిలబడకుండానే చెంప దానికి ఆనించి కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నాను.

ముసలాయన గుమ్మంలోంచే అన్నాడు: "కింద నుంచి మూడో అతుకు చెమ్మగిల్లుతోంది. చూసుకో."

ఏ అతుకూ చెమ్మగిల్లలేదు. నేను వంగి వేలితో తుడిచి చూశాను కూడా. మర్నాడు కొట్టు దగ్గర ఆయన నలుగురిలో చెప్తుంటే విన్నాను: "నేనే పెట్టాను బాయిలర్. చేతులు లేకపోతేనేం, బుర్ర ఉంది. కోడలు సామాను అందించింది."

నవంబరులో ఒక్కసారిగా సున్నాకి కింద ఇరవై ఏడు డిగ్రీల చలి పడింది. తైసియా డ్యూటీ నుంచి వచ్చి బొగ్గు వేయగానే బాయిలర్ లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు దబదబా మోగింది. ఆమెకి వెంటనే అర్థమైంది. పైన తొట్టికి పోయే గొట్టం గడ్డకట్టింది, పొంగే నీళ్ళకి దారి లేదు. మండుతున్న బొగ్గుని పారతో తోడి కిటికీలోంచి మంచులోకి విసిరింది. అటకెక్కి వేడి గుడ్డలతో గొట్టాన్ని గంటసేపు కరిగించింది. తర్వాత గ్లెబ్ చలికోటు, దూది కుట్టిన దళసరి కోటు, దాన్ని ఆ గొట్టానికి చుట్టి తాళ్ళతో బిగించింది. గ్లెబ్ గనికి వేసుకెళ్ళే కోటు అది. ఇంట్లో అంతకంటే వెచ్చనిది లేదు.

"గట్టిగా కట్టు" అన్నాడు ముసలాయన కిందనుంచి. తొట్టి సంగతి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఆ రోజునుంచి పొద్దున్నే అటకెక్కి గొట్టాన్ని తడిమి చూశాకే బొగ్గు వేసేది.

డిసెంబరులో చిన్నకొడుకు రొదియోన్ వచ్చాడు. నగరంలో ఉద్యోగం పోయింది, అద్దెకున్న ఫ్లాటు పోయింది. పెళ్ళాం ఇనెస్సాతో, మూడు సూట్‌కేసులతో దిగాడు. గుమ్మంలో అడుగుపెడుతూనే ఇనెస్సా కోటు విప్పి, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో" అంది. ఆ మాట విన్న తైసియా సంతోషపడి వాళ్ళకి మాంసం కూరిన పెల్మెనీలు ఉడికించి పెట్టింది.

నెల తిరగకుండానే ముసలాయన రొదియోన్ని వెంటబెట్టుకుని నోటరీ దగ్గరికి వెళ్ళొచ్చాడు. జనవరి పదో తారీఖున భోజనాల దగ్గర చెప్పాడు. ఆ పూట నేను ఉప్పు దోసకాయల జాడీ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను.

"తైసియా, ఇల్లు రొదియోన్ పేరున రాశాను. ఆదివారంలోపు మీ అక్క దగ్గరికి వెళ్ళిపో."

ఆమె చెంచా కింద పెట్టింది. "మీరు మాటిచ్చారు మామయ్యా."

"మాట గ్లెబ్ పెళ్ళానికిచ్చాను. గ్లెబ్ లేడు. నీ కడుపున ఒక్క కాయ కాయలేదు. నువ్వెవరివి నాకు? వాడు నా రక్తం."

"అగ్నియా అక్క సాక్షి ఉంది."

ఆయన నావైపు చూశాడు. "ఏం అగ్నియా? కాగితం ఏమైనా రాశామా?"

లేదన్నాను. అది నిజం. కానీ నేను అనాల్సింది అది కాదు.

ఇనెస్సా గొంతు సవరించుకుంది. "మనసులో పెట్టుకోకు అక్కా. ఒక వంటింట్లో ఇద్దరాడవాళ్ళు అంటే కష్టం కదా."

"మరి బాయిలర్ ఎవరు చూస్తారు?" అంది తైసియా. ఇల్లు పోయిందని కాదు, దాని గురించి అడిగింది.

రొదియోన్ నవ్వాడు. "పొయ్యిలో బొగ్గెయ్యడానికి డిప్లొమా కావాలా ఏంటి? మగాడిని, నాకు చేతులున్నాయి."

"నేర్పిస్తాను. ఒక్కరోజు చాలు. మంట ఎలా—"

"వదినా, వద్దు. పొయ్యి గురించి ఆడవాళ్ళ దగ్గర పాఠాలు నేర్చుకునే స్థితికి ఇంకా రాలేదు."

ముసలాయన కూడా నవ్వాడు. తైసియా లేచి తన గిన్నె కడుక్కుంది.

ఆదివారం పొద్దున ఆమె పెట్టె మోయడానికి నేను వెళ్ళాను. రొదియోన్ బయట, బొగ్గు తెచ్చిన ట్రాక్టర్ వాడితో మాట్లాడుతున్నాడు. తైసియా అటక నిచ్చెన దిగి వచ్చింది, చంకలో గ్లెబ్ కోటుతో. ముసలాయన బాయిలర్ పక్కన తన కుర్చీలో, చచ్చుబడ్డ వేళ్ళు దాని తలుపుకి దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఆయన ముందు ఆగింది.

"మామయ్యా, ఈ కోటు నాది. తీసుకెళ్తున్నాను. పైన గొట్టానికి ఇప్పుడు ఏమీ చుట్టి లేదు. ఏదైనా దళసరిది చుట్టించండి. మంట ఆరితే, పైకెక్కి చూడకుండా మళ్ళీ రగిలించొద్దని రొదియోన్‌కి చెప్పండి."

ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది, పంతులమ్మలా. నేను గుమ్మంలో పెట్టె పట్టుకుని అంతా విన్నాను.

"పో పో" అన్నాడు ఆయన. "నా బాయిలర్ సంగతి నాకు చెప్పకు."

ఆమె వెళ్ళిపోయింది.

తర్వాత ఆ ఇంట్లో జరిగింది నేను గోడ ఇవతలనుంచి చూశాను. ముసలాయనకి తిట్టడానికి మనిషి కావాలి. తైసియా లేదు కాబట్టి రొదియోన్ని పట్టుకున్నాడు. బొగ్గు తడిపింది చాలలేదనీ, బూడిద సరిగా దులపలేదనీ, వాడి చేతులు ఆడవాళ్ళ చేతులనీ. వాడు గ్లెబ్‌లా ఊరుకునే రకం కాదు, తైసియాలా భరించే రకం అసలే కాదు. ఒకరోజు ఆ ఇనుప చువ్వ లాక్కుని పెరట్లోకి విసిరేశాడు. "ఇంకోసారి నోరు తెరిస్తే కుర్చీతో సహా కొట్టంలో పెడతాను నాన్నా" అన్నాడు. ఇనెస్సా ఆయన సూపు ఆయనకి అందనంత దూరంలో పెట్టి, చల్లారాక తినిపించేది. ముసలాయన మాట్లాడటం తగ్గించేశాడు. పైన గొట్టం సంగతి వాడికి చెప్పలేదు. చెప్పాలంటే తొట్టి అటక మీద పెట్టించింది తానేనని, కోడలు వద్దన్నదని, ఆమె మాటే నిజమైందని ఒప్పుకోవాలి.

ఫిబ్రవరిలో సున్నాకి కింద ముప్ఫై తొమ్మిది డిగ్రీల చలి పడింది. ఒక శనివారం పొద్దున ఆరింటికి మొగుడూ పెళ్ళాం కారులో నగరానికి వెళ్ళారు. పదకొండు దాటేసరికి వాళ్ళ చిమ్నీనుంచి పొగ రావడం ఆగిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. ఆ ముసలాయన లోపల ఒక్కడే ఉన్నాడని తెలుసు, చేతులతో పార పట్టలేడనీ తెలుసు. వెళ్ళలేదు. వణకనీ, ఎవరిని వెళ్ళగొట్టాడో తెలిసొస్తుంది అనుకుని బంగాళాదుంపలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

రెండింటికి కారు వచ్చింది. కాసేపటికి చిమ్నీలోంచి నల్లటి పొగ దట్టంగా లేచింది. తడి కట్టె కాదు అది, తలుపు బార్లా తీసి పారలకి పారలు బొగ్గు కుమ్మరిస్తే వచ్చే పొగ. పావుగంటకి గోడ ఇవతల నాకే ఆ చప్పుడు వినబడింది. దబ్ దబ్ మని, నవంబరులో వచ్చిన చప్పుడే. నేను శాలువా కప్పుకుని గుమ్మం దాకా వెళ్ళాను. అంతలో బాయిలర్ పేలింది, మా కిటికీ అద్దాలు అదిరాయి.

లోపల ఏం జరిగిందో ఇనెస్సా తర్వాత చెప్పింది. ఆమె కారులోంచి సామాను దించుతోంది, అందుకే బతికింది. తలుపు తెరిచే ఉంది, మాటలు వినబడ్డాయి. చప్పుడు మొదలవగానే ముసలాయన అరిచాడట: "మంట లాగెయ్! బొగ్గు బయట పారెయ్ రొదియోన్, పైన గొట్టం గడ్డకట్టింది!" వాడు, "మొదలెట్టావా మళ్ళీ? ఊరుకో" అన్నాడట. ముసలాయన కుర్చీలోంచి లేచి వట్టి అరచేతులతో పార ఎత్తబోయాడు. అది జారిపోయింది.

నేను వెళ్ళేసరికి వంటింటి నిండా తెల్లటి ఆవిరి. రొదియోన్ ముఖం పట్టుకుని నేల మీద పాకుతున్నాడు. ఎడమ కన్ను పోయింది వాడికి. ముసలాయన గొయ్యి అంచున వెల్లకిలా పడి ఉన్నాడు. మెడనుంచి మోకాళ్ళ దాకా చర్మం చొక్కాతోపాటు ఊడి వచ్చింది.

ఆయన తొమ్మిది రోజులు బతికాడు. నేను రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళాను. రెండోసారి పోలీసు విచారణ అధికారి ఉన్నాడు, మంచం పక్కన కాగితాలు పెట్టుకుని. బాయిలర్ ఎవరు పెట్టారని అడిగాడు. తైసియా పేరు చెబుతాడని, ఆమె కోటు తీసుకుపోయిన సంగతి కూడా చెబుతాడని నేను అనుకున్నాను. ఆ ఒక్క మాటతో ఆమెని జైలుకి ఈడ్చేవాళ్ళు.

"నేనే" అన్నాడు ముసలాయన. గొంతు గాలిలా వస్తోంది. "ప్రతి అతుకూ నాదే."

"మీ చేతులు ఇలా ఉన్నాయి కదా తాతా. ఎవరూ సాయం చెయ్యలేదా?"

"ఎవరూ లేరు. రాసుకో. నా పని అది."

అధికారి రాసుకున్నాడు. సొంతంగా కట్టిన బాయిలర్, కట్టినవాడే చనిపోయాడు, కేసు మూసేశారు. రొదియోన్, ఇనెస్సా ఆ పగిలిన ఇంటిని వదిలి ఆమె పుట్టింటికి వెళ్ళిపోయారు.

మే నెలలో నేను బెలొవొ వెళ్ళాను. తైసియా ఒక గది అద్దెకి తీసుకుంది. లాంతర్ల గది పని మానేసింది. ఇళ్ళకి గొట్టాలు వేస్తోంది, చేతినిండా పని. ముఖం నల్లబడింది, చేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. టీ పోసి, ముసలాయన చావు గురించి అన్నీ అడిగింది. నేను చెప్పాను. అధికారితో ఆయన అన్న మాట దగ్గర ఆమె నన్ను ఆపింది.

"ప్రతి అతుకూ నాదే అన్నాడా?"

"నిన్ను కాపాడాడనుకో పోనీ."

"కాపాడాడా? నువ్వు నిజంగా అలా అనుకుంటున్నావా అక్కా? ఆ కాగితంలో కూడా నా పేరు రానివ్వలేదు." గ్లాసుని బల్ల మీద గట్టిగా పెట్టింది. "పగిలింది ఎక్కడ? అతుకు దగ్గరా?"

"కాదు. రేకు చీలింది. అతుకులన్నీ అలాగే ఉన్నాయి."

ఆమె తలూపింది. అది వినడానికే ఇంతసేపూ ఎదురుచూసినట్టు నాకనిపించింది. అప్పుడు అడిగాను, ఫిబ్రవరినుంచి నన్ను తొలుస్తున్నది.

"ఆ రోజు రొదియోన్ బయటే ఉన్నాడు కదా. పది అడుగులు. వాడికే ఎందుకు చెప్పలేదు?"

"ముసలాయనకి చెప్పానుగా."

"ఆయన వాడికి చెప్తాడనుకున్నావా?"

"లేదు" అంది. కొంచెం కూడా తడుముకోలేదు. "పన్నెండేళ్ళు ఆయన ఇంట్లో ఉన్నాను. చెప్పడని నాకు తెలుసు."

ఆమె నావైపే చూస్తోంది.

"నువ్వూ గుమ్మంలో నిలబడి విన్నావు కదక్కా. నెల రోజులు వాళ్ళ పక్కింట్లోనే ఉన్నావు. నువ్వెందుకు చెప్పలేదు?"

కిటికీ కింద ఎవరో ఆమెని పేరుపెట్టి పిలిచారు. గొట్టాలు వచ్చాయి, దించుకోవాలట. ఆమె లేచి చేతి తొడుగులు తీసుకుంది. టీ చల్లారకముందే తాగి వెళ్ళమని, వెళ్ళేటప్పుడు తాళం వేసి చెవి గుమ్మం మీద పెట్టమని చెప్పి మెట్లు దిగిపోయింది. నేను కిటికీలోంచి చూశాను. లారీ మీదనుంచి ఆరు మీటర్ల గొట్టం ఒక కొసన ఆమె, మరో కొసన ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని దించుతున్నారు. వాళ్ళలో ఒకడు సరిగా పట్టుకోలేదు కాబోలు, ఆమె ఏదో అంది, వాడు తల దించుకున్నాడు.